ముప్పై ఆరు సెలవు చీటీలు

ఆ వీధి చివర కాలువ మీద సిమెంటు పలక లేకపోవడానికి కారణం మున్సిపాలిటీ కాదు, ఆ వీధి జనం. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. పలక విరిగిపోయి నాలుగేళ్లయింది. మాస్టారు పద్దెనిమిది అర్జీలు రాశారు. ప్రతి అర్జీ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. మొదటి పదమూడు అర్జీల కింద రెండేసి సంతకాలున్నాయి, ఆయనదీ ఆయన భార్యదీ. మిగతా ఐదింటి కింద ఒక్కటే. తొమ్మిదో అర్జీకీ పదో అర్జీకీ మధ్య ఆమె ఆ కాలువలోనే కాలు పెట్టి చీలమండ విరగ్గొట్టుకుంది. తర్వాత మంచం దిగలేదు. పోయింది గుండెజబ్బుతో అని డాక్టర్లు రాసిచ్చారు. మాస్టారు ఆ కాగితం చదివి, మడిచి, పెట్టెలో పెట్టారు. నమ్మలేదు.

ఆయన ముప్పై నాలుగేళ్లు ఒకే బడిలో, ఒకే గదిలో మూడో తరగతికి పాఠం చెప్పారు. వీధిలో ముప్పాతిక మంది ఆయన చేతి కింద చదువుకున్నవాళ్లే. అందుకే వాళ్లలో ఎవరి మీదా ఆయనకు భ్రమలు లేవు.

అలాంటి మనిషి ఒక పార్టీకి వీధి ప్రతినిధిగా ఉంటానని తనంతట తాను ఒప్పుకోవడానికి కారణం కూడా ఆ పలకే. పార్టీ ఏరియా కార్యదర్శి ఫారం పట్టుకుని ఇంటికి వచ్చాడు. "పెద్ద పనేం లేదు మాస్టారూ. ఆదివారం సభకి మీ వీధి నుంచి నలభై మందిని తీసుకురండి చాలు. మా నాయకుడు ఆ నలభై మందినీ కళ్లారా చూశాడంటే కమిషనరుకి ఒక్క ఫోను కొడతాడు. సోమవారానికి పలక."

మాస్టారు సంతకం పెట్టేశారు. అవతలి పార్టీకి, అంటే మున్సిపాలిటీని ఏలుతున్న పార్టీకి, ఆ చుట్టుపక్కల ప్రతినిధి ఆయన బావమరిదే. పక్క వీధిలో ఉంటాడు. కుర్చీలూ షామియానాలూ అద్దెకిస్తాడు. సొంత అక్క కాలు విరిగినా, పలక సంగతి ఎత్తినప్పుడల్లా "ఫైలు కదులుతోంది బావా" అనేవాడు. నాలుగేళ్లుగా కదులుతున్న ఆ ఫైలు ఈపాటికి దేశం దాటి ఉండాలి.

ఆదివారం పొద్దున మాస్టారి ఏర్పాటు సాదాసీదాగానే ఉంది. ఎనిమిదిన్నరకు అందరూ వీధి మొదట్లో నిలబడాలి. ముప్పావుకు హాజరు. తొమ్మిదికి బస్సు. నలభై మందీ వస్తామని మాటిచ్చారు. ఆయన ఎర్ర సిరాతో రిజిస్టరు గీసుకున్నారు. వరస నంబరు, పేరు, హాజరు, రాకపోతే కారణం.

"మామయ్యా, కాఫీ చల్లారిపోతోంది. కూర్చుని తాగండి" అంది కోడలు.

"కూర్చుంటే మళ్లీ లేవాలి."

"గేటు దాకా పదకొండుసార్లు వెళ్లొచ్చారు. గేటెక్కడికీ పారిపోదు."

"గేటు పారిపోదు. జనం పారిపోతారు. నువ్వు ఏడో నంబరు. తయారవు."

కోడలు టెలిఫోను ఆఫీసులో పనిచేస్తుంది. ఆదివారం ఒక్కటే ఆమెకు ఇల్లు కనిపించే రోజు. భర్తది ఊళ్లు తిరిగే ఉద్యోగం. ఆమె గ్లాసు కిందపెట్టి, "నాకు తల దిమ్ముగా ఉంది మామయ్యా. నేను రాలేను" అంది.

"రాసివ్వు."

"ఏం రాసివ్వాలి?"

"కారణం. నోటిమాట చెల్లదు. ఇంట్లోవాళ్లయినా అంతే."

ఆమె ఆయన ముఖం చూసింది. వాదించి లాభం లేదని పెళ్లయిన వారానికే తెలుసుకుంది. కరెంటు బిల్లు వెనకాల రెండు వాక్యాలు రాసిచ్చింది.

ఎనిమిది ముప్పావుకు వీధి మొదట్లో నలుగురు నిలబడ్డారు. ఇస్త్రీ చేసే ముసలాయన, ఆయన భార్య, ఉద్యోగం అయిపోయిన కాంపౌండరు. నాలుగో మనిషి బస్సు రైలు స్టేషను మీదుగా పోతుందని విని సంచీతో వచ్చాడు. మాస్టారు చేతిగడియారం చూశారు. అటు పది అడుగులు, ఇటు పది అడుగులు నడిచారు. మళ్లీ గడియారం చూశారు. తలుపులన్నీ మూసే ఉన్నాయి. ఒకటి రెండు కిటికీల్లో కర్టెన్లు కదిలి ఆగిపోయాయి.

తలుపులు తట్టి బతిమాలడం ఆయనకు చేతకాదు. అర్జీల కోసం తట్టిన తలుపులు చాలు. వీధి మధ్యకు వచ్చి, బడి గొంతు బయటికి తీశారు.

"రానివాళ్లంతా పావుగంటలో సెలవు చీటీ ఇవ్వాలి! చీటీ లేకుండా గైరుహాజరైనవాళ్ల పేర్లు పైకి పంపిస్తాను!"

పైకి అంటే ఎక్కడికో ఎవరికీ తెలియదు. ఆయనకూ తెలియదు. కానీ ఆ గొంతు తెలుసు. పావుగంట తిరగకుండానే చీటీలు రావడం మొదలైంది. కొన్ని కిటికీల్లోంచి చేతికందాయి. కొన్ని గోడ మీంచి పడ్డాయి. మంగలి దుకాణం ఆయన చేతి నురగ తుడుచుకోకుండానే పేపరు అంచు చింపి రాసిచ్చాడు. ఫొటో స్టూడియో ఆయన తనకూ భార్యకూ తల్లికీ మూడు చీటీలు ఒకే దస్తూరీతో రాసి, పైన చొక్కా తొడుక్కుంటూనే గేటు బయటికొచ్చి ఇచ్చాడు. అతని జేబులో పొద్దుటి ఆట సినిమా టిక్కెట్లు కనిపిస్తూనే ఉన్నాయి.

కోడలి చీటీతో కలిపి ముప్పై ఆరు. అన్నిట్లోనూ ఒకటే మాట.

"గౌరవనీయులైన మాస్టారు గారికి, నాకు జ్వరముగా ఉన్నందున ఈ దినము సభకు రాలేకపోవుచున్నాను. కావున దయతో ఒక దినము సెలవు ఇప్పించ ప్రార్థన."

మాస్టారు ముప్పై ఆరూ చదివారు. ఒక్కటీ నమ్మలేదు. అయినా రికార్డు రికార్డే. కారణం గడిలో జ్వరం, జ్వరం, జ్వరం అని ముప్పై ఆరుసార్లు రాశారు. పైన చెప్పినట్టే అని గీతలు పెట్టడం ఆయన పద్ధతి కాదు. చీటీలన్నీ దారంతో కట్టి రిజిస్టరులో పెట్టారు. యాభై సీట్ల బస్సు ఐదుగురితో కదిలింది. స్టేషను దగ్గర నలుగురు మిగిలారు.

సభ దగ్గర కార్యదర్శి బస్సెక్కి లోపలికి చూసి, దిగి, వెనక ఇంకో బస్సు ఉందేమోనని చూశాడు.

"నలభై మందన్నారు మాస్టారూ!"

"నలభై పేర్లకూ జవాబుంది. రిజిస్టరు చూసుకో."

కార్యదర్శికి చూసుకునే తీరిక లేదు. ఏదో ఒక పని చేసినట్టు కనబడాలి కాబట్టి రిజిస్టరునీ చీటీల కట్టనీ అట్టలో పెట్టి వేదిక మీదికి పంపించేశాడు. నాయకుడు అప్పటికి ముప్పావుగంట నుంచి మాట్లాడుతున్నాడు. రోడ్లయిపోయాయి, నీళ్లయిపోయాయి, కరెంటు రెండుసార్లు అయిపోయింది. ఆయన చేతికందిన అట్ట తెరిచాడు. చదివాడు. ముఖం వెలిగిపోయింది.

"సోదర సోదరీమణులారా! ఒక్క వీధి! నలభై మంది! అందులో ముప్పై ఆరు మంది జ్వరంతో మంచాన పడ్డారు! మన సభకు రావాలని తపించిపోయి, లేవలేక, వణికే చేతులతో ఉత్తరాలు రాసి పంపారు! ఈ అక్షరాలు చూడండి, ఎలా వంకరలు పోయాయో!"

ఆ వంకరలకు కారణం జ్వరం కాదని మాస్టారికి తెలుసు. మూడో తరగతి నుంచీ అవి ఆయనకు పరిచయమే. ఆయన లేచి నిలబడ్డారు. "అయ్యా, ఒక్క మాట..."

"అదిగో! ఆ పెద్దాయనే ఆ వీధి ప్రతినిధి! చూడండి, ఆయన కళ్లలో నీళ్లు!"

కళ్లలో నీళ్లున్న మాట నిజమే. మైదానం నిండా దుమ్ము. జనం చప్పట్లు కొట్టారు. మాస్టారు ఏదో అన్నారు. చప్పట్లలో ఆయనకే వినబడలేదు. కార్యదర్శి వచ్చి మోచేయి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"నోరెత్తకండి మాస్టారూ. పేపరువాళ్లు రాసుకుంటున్నారు. పలక కావాలా, వద్దా?"

"కావాలి."

"అయితే జ్వరం ఉంది."

మూడు గంటలకు మాస్టారు తిరిగొచ్చేసరికి వీధికి రెండు చివరలా తాడు కట్టి ఉంది. గోడల వెంట తెల్లపొడి చల్లారు. తాడు అవతల ఆరోగ్య శాఖ జీపు, దాని పక్కన షామియానా, షామియానా కింద బావమరిది. కుర్చీలు వరసగా వేయిస్తున్నవాడు బావను చూసి పరుగెత్తుకొచ్చాడు.

"ఏం పని బావా ఇది? మా ఏలుబడిలో జ్వరమా? పైనుంచి నాకు ఏడు ఫోన్లొచ్చాయి, ఏడు! నీకు ప్రతినిధి సరదా ఉంటే నాతో చెప్పలేకపోయావా, మా దాంట్లోనే ఏదో ఒక మూల పడేసేవాణ్ణి."

"మూలలు నాకు అక్కర్లేదు. తప్పుకో, నేనింటికి పోవాలి."

"పోనివ్వరు. పట్టీలో పేరున్నవాళ్లు లోపలే, లేనివాళ్లు బయటే. డాక్టరమ్మ ఆర్డరు."

డాక్టరమ్మ వయసులో చిన్నది. జడలో పెన్సిలు గుచ్చుకుని, చేతిలో మాస్టారి రిజిస్టరుతో, చీటీల కట్టతో తాడు దగ్గర నిలబడి ఉంది. నాయకుడే వాటిని సాక్ష్యంగా కమిషనరుకు పంపించాడు. తాడుకు లోపల వీధంతా గుమిగూడింది. ఫొటో స్టూడియో ఆయన సినిమా చూసి మధ్యాహ్నం తిరిగి రాగానే, పేరు పట్టీలో ఉందని అతన్ని కుటుంబంతో సహా లోపలికి నెట్టేశారు. కాళ్లు కాలిన పిల్లిలా ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతున్నాడు.

"నాకు జ్వరం లేదు డాక్టరమ్మా" అన్నాడు మంగలి దుకాణం ఆయన.

ఆమె పేపరు అంచు ముక్క వెతికి తీసింది. "ఇది మీ సంతకమేనా?"

"సంతకం నాదే. జ్వరం నాది కాదు."

"మరెవరిది?"

అతను తల గోక్కున్నాడు. లోపల ఎవరో నవ్వారు. వాళ్ల చీటీ బయటికి రాగానే నవ్వు ఆగిపోయింది. వెనకనుంచి కోడలు కాలి మునివేళ్ల మీద నిలబడి, "మామయ్యా, రేపు నాకు ఆఫీసుంది! ఏదో ఒకటి చెప్పండి!" అని అరిచింది.

చెప్పడానికే మాస్టారు ముందుకు నడిచారు. అవి మొత్తం అబద్ధాలు, ఒక్కరికీ ఏమీ లేదు, అందరూ పనిదొంగలు. ఈ మూడు మాటలూ వరసగా నోట్లో సిద్ధం చేసుకున్నారు. ఆయన నోరు తెరిచేలోగా డాక్టరమ్మ ఆయన భుజం మీంచి వెనక్కి చూసింది.

"ఈ కాలువ మీద పలక ఎందుకు లేదు?"

నాలుగేళ్లలో ఆ మాట ఒక్కరు కూడా అడగలేదు. మాస్టారి నోటిదాకా వచ్చిన మూడు మాటలూ వెనక్కి పోయాయి.

"జ్వరాలకి మూలం ఇదేలా ఉంది. రేపు పొద్దున్నే పలక వెయ్యమని రాస్తున్నాను" అంది ఆమె. "మీరేదో చెప్పబోయారు?"

"రాయండి" అన్నారు మాస్టారు.

ఆ రాత్రి ఆయన బావమరిది ఇనప కుర్చీలో గడిపారు. దాని గురించి చెప్పుకోవలసింది ఏమీ లేదు.

సోమవారం ఎనిమిదింటికి ట్రాక్టరు వచ్చింది. దాని మీద కొత్త పలక, నలుగురు కూలీలు, టేపు పట్టుకున్న ఇంజనీరు. పలక బూడిదరంగులో నున్నగా ఉంది. నాలుగు మూలలా ఇనప కొక్కేలున్నాయి. మాస్టారు ట్రాక్టరు చుట్టూ మూడుసార్లు తిరిగారు. జానలతో కొలిచారు. సరిపోతుంది. మళ్లీ కొలిచారు. ఇంజనీరును "ఇంకా దించరేం?" అని ఐదుసార్లు అడిగారు.

"డాక్టరుగారి కాగితం రావాలండీ. కాగితం లేందే దించం."

తాడు లోపల డాక్టరమ్మ ఇల్లిల్లూ తిరిగి నోట్లో జ్వరం పుల్ల పెట్టి చూస్తోంది. జనానికి ఓపిక పోయింది. దుకాణాలు మూతపడ్డాయి, ఆఫీసుల వేళ దాటిపోతోంది. ఫొటో స్టూడియో ఆయన కెమెరా మెళ్లో వేసుకుని నిలబడ్డాడు, ఎక్కడో ఒక పెళ్లికూతురు అతని కోసం కదలకుండా కూర్చుని ఉందట. బావమరిది ఇదే అదనుగా తెల్లకాగితాల దస్తా పట్టుకుని తాడు దగ్గరికి చేరాడు.

"అందరూ జ్వరం లేదని రాసిచ్చెయ్యండి. అరగంటలో తాడు తీయించే పూచీ నాది. మా ఏలుబడిలో జ్వరం లేదు, ఉండదు!"

ముప్పై ఆరు చేతులు ముందుకొచ్చాయి. మాస్టారు ట్రాక్టరు వదిలి పరుగులాంటి నడకతో వచ్చారు. "ఎవ్వరూ రాయకండి. పలక దిగేదాకా ఆగండి. ఒక్క గంట."

మంగలి దుకాణం ఆయన కలం ఆపాడు. "ఏంటి మాస్టారూ, మీరే అబద్ధం చెప్పమంటున్నారా?"

"కొత్తది చెప్పమనడం లేదు. నిన్న చెప్పినదాన్నే ఒక గంట ఉంచుకోమంటున్నాను."

"బాగుంది! అసలీ జ్వరం మాకు అంటించిందే మీరు."

"నేనా?"

"కాక? సెలవు చీటీ ఎలా రాయాలో బోర్డు మీద రాసి, వందసార్లు దిద్దించింది మీరే కదా. అందులో జ్వరం తప్ప ఇంకో కారణం ఉందా? మాకు సెలవంటే జ్వరమే మాస్టారూ. ఇంకోటి రాయడం రాదు."

"అవును మాస్టారూ, ఇంకోటి రాదు" అన్నాయి చాలా గొంతులు. ఎవరూ ఎకసెక్కానికి అనలేదు. నిజంగానే రాదు.

మాస్టారు నిలబడిపోయారు. ముప్పై నాలుగేళ్లు, ఏడాదికి అరవై మంది. నల్లబోర్డు మీద సుద్దముక్కతో తానే రాసిన వాక్యం. పిల్లలకు తలనొప్పి వస్తుందనిగానీ, ఇంట్లో పనుంటుందనిగానీ, ఒక్కోరోజు ఊరికే బడికి రాబుద్ధి కాదనిగానీ ఆయనకు ఎప్పుడూ తోచలేదు. ఎదుటివాళ్లను క్షమించే అలవాటు ఆయనకు లేదు. తనను క్షమించుకునే అలవాటూ లేదు.

ఇంతలో డాక్టరమ్మ వచ్చి పట్టీ ఇంజనీరు చేతికిచ్చింది. "ముప్పై ఆరు మందికీ మామూలే. ఒక్కరికీ జ్వరం లేదు. తాడు తీసెయ్యండి."

ఇంజనీరు టేపు చుట్టేశాడు. "అయితే పలకతో పని లేనట్టే కదండీ. ఇది అసలు అవతలి వీధిది. జ్వరాలన్నారని ఇటు తెచ్చాం. ఎక్కండిరా, పోదాం."

ట్రాక్టరు గుర్రుమంది.

మాస్టారు షామియానాలో డాక్టరమ్మ పెట్టి వెళ్లిన తన రిజిస్టరులోంచి ఒక కాగితం చింపారు. నిలబడే రాశారు. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఆయన ఒక్కరోజు సెలవు పెట్టలేదు, ఎరిగి ఒక్క అబద్ధం రాయలేదు. అక్షరాలు వంకరపోయాయి. వంగి తాడు కింద నుంచి లోపలికి వెళ్లి, కాగితం డాక్టరమ్మకిచ్చారు.

ఆమె చదివింది. పక్కనే ఉన్న మంగలి దుకాణం ఆయన చదివాడు. అతని వెనక ఉన్నవాళ్లు చదివారు. నాకు జ్వరముగా ఉన్నందున. కోడలు "మామయ్యా..." అని ఆగిపోయింది. ఆమె ఆయన వంక కాకుండా ట్రాక్టరు వంక, ట్రాక్టరు మీది పలక వంక చూస్తోంది.

"మీరు కూడానా?" అంది డాక్టరమ్మ విసుగ్గా. "నోరు తెరవండి."

మాస్టారు నోరు తెరిచారు. కళ్లు పలక మీదే ఉన్నాయి. ఇంకొక్క నిమిషంలో ఈ పిల్ల తన ముఖం మీదే అబద్ధమని చెబుతుంది. తను కొట్టిన ప్రతి పిల్లవాడూ ఆ మాట వింటాడు. విననీ. ఈలోగా ట్రాక్టరైతే ఆగింది కదా.

డాక్టరమ్మ జ్వరం పుల్ల తీసి చూసింది. విదిలించి మళ్లీ పెట్టింది. మళ్లీ చూసింది.

"నూట రెండున్నర."

"ఎంత?" అన్నారు మాస్టారు.

"నూట రెండున్నర. ఇది ఇవాళ్టిది కాదు, నిన్న పొద్దుటి నుంచే ఉండాలి. కళ్లు చూడండి, ఎలా కారుతున్నాయో. ఒళ్లు కాలిపోతుంటే తెలియలేదా మీకు?"

"కోపం అనుకున్నాను."

ఎవరూ నవ్వలేదు. లెక్క తేలడానికి వాళ్లకు కొంచెం సమయం పట్టింది. జ్వరమని రాసిచ్చి ఇంట్లో ఉన్నవాళ్లలో ఒక్కరికీ జ్వరం లేదు. జ్వరం ఉన్న ఒకే ఒక్క మనిషి సభకు హాజరయ్యాడు. మాస్టారి ముఖం అంతగా చిన్నబోవడం భార్య పోయిన రోజు కూడా ఎవరూ చూడలేదు. జన్మకొక అబద్ధం ఆడదామని సిద్ధపడితే అది కాస్తా నిజమై కూర్చుంది.

"ఒక కేసు ఉంది" అని డాక్టరమ్మ పట్టీలో రాసింది. "కాలువ పక్కనే. పలక దించండి."

పదకొండింటికి పలక దిగింది. మాస్టారు చూడలేదు. ముప్పై ఆరు మందిని కట్టిన తాడు విప్పి, ఆయన గేటుకు కట్టారు. గదిలో మంచం మీద పడుకుని, ఇనప గునపాల చప్పుడూ, ఆ తర్వాత బరువుగా పడిన చప్పుడూ విన్నారు. ఐదు రోజులు అంతే.

ఆ ఐదు రోజుల్లో వీధి తన పని తాను చేసుకుపోయింది. మాస్టారు సభకు పోయి అక్కడి నుంచి జ్వరం తెచ్చి వీధికి అంటించబోయారని మంగలి దుకాణంలో తేల్చేశారు. కార్యదర్శి అనారోగ్య కారణంగా ఆయన్ను ప్రతినిధి బాధ్యత నుంచి తప్పిస్తున్నట్టు కాగితం పంపాడు. బావమరిది తన పార్టీ పేరు పలక మీద రంగుతో రాయించి, ఇన్నాళ్లకు ఫైలు కదిలిందని అందరికీ చెప్పుకున్నాడు. పలక వేయించినందుకు అతని పార్టీకి కృతజ్ఞతలు చెబుతూ వీధి నుంచి ఒక ఉత్తరం వెళ్లింది. దాని కింద ముప్పై ఆరు సంతకాలున్నాయి.

ఆరోరోజు పొద్దున మాస్టారు దుప్పటి కప్పుకుని వీధి చివరికి నడిచారు. పలక మీద ఒక కాలు పెట్టారు. తర్వాత రెండో కాలు. కాసేపు నిలబడ్డారు. అది కదల్లేదు. తిరిగొచ్చి అరుగు మీద కూర్చున్నారు.

కోడలు వేణ్ణీళ్లు తెచ్చి పక్కన పెట్టి, వెళ్లకుండా నిలబడింది.

"మామయ్యా, ఒకటి అడుగుతాను. ఆరోజు మీకు జ్వరం ఉందని తెలియదు కదా. అబద్ధమనుకునే రాశారు కదా? అత్తయ్య కోసమే కదా?"

మాస్టారు గ్లాసు ఎత్తి నీళ్లన్నీ తాగారు. గ్లాసు కింద పెట్టారు.

"ఈ సంగతి ఈ ఇంట్లో ఇంకెప్పుడూ ఎత్తకూడదు. దీని గురించి ఇదే నా ఆఖరి మాట."

మొదటి మాట ఏమిటో మాత్రం ఇంతవరకూ ఎవరికీ తెలియదు.